ఇరవై కిలోల కొలత

మా పట్టణ ప్రణాళిక ఆఫీసులో అందరూ దూరాన్ని మీటర్లలో కొలుస్తారు. గంపాయన ఒక్కరే కిలోల్లో కొలుస్తారు. కొత్తగా ఏ రోడ్డు గీసినా, ఏ వంతెన తలపెట్టినా, ఇరవై కిలోల గంప నెత్తిన పెట్టుకుని ఆ దారిన నడిచి వస్తేగాని ఆయన కలం ఫైలు మీద వాలదు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, పాలిష్ చేసిన బూట్లు, నెత్తిన గుమ్మడికాయల గంప. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన అలా మెట్లెక్కి వస్తుంటే కూరగాయలు అమ్మవచ్చిన మనిషనుకుని నేను బేరం కూడా ఆడాను.

"ఇవి అమ్మేవి కావు తల్లీ, కొలిచేవి" అన్నారు, ఏమాత్రం నొచ్చుకోకుండా. ఆయనే నా పైఅధికారి అని అరగంట తర్వాత తెలిసింది. రెండు రోజులపాటు ఆయన బల్ల ఛాయలకు వెళ్ళలేదు నేను.

ఆ బల్ల సొరుగులో స్కేళ్ళ పక్కనే పాత తువ్వాలుతో చుట్టిన చుట్టకుదురు ఉండేది, గంప నెత్తికి ఒత్తుకోకుండా కింద పెట్టుకునేది. దాన్ని వారానికోసారి ఇంటికి పట్టుకెళ్ళి ఉతికించుకొచ్చేవారు. ఇక ఆయన రిమార్కులు చూడాలని పక్క విభాగాల వాళ్ళు పని కల్పించుకుని మరీ మా ఫైళ్ళు తెప్పించుకునేవారు. "వంతెన మెట్లు బాగున్నవి. గంపతో ఎక్కిన మోకాళ్ళు బాగులేవు. మెట్టు ఎత్తు తగ్గించవలెను." ఇంకొక దానిలో: "ఇచ్చట భుజమెత్తు అరుగు ఒకటి కట్టవలెను. గంప నేలమీద దించినచో తిరిగి ఎత్తుటకు రెండో మనిషి కావలెను. రెండో మనిషిని ఈ అంచనాలో మంజూరు చేయలేదు."

నవ్వుకుంటూనే ఆ అరుగులు నాలుగు కట్టారు. కూర్చోవడానికి ఎత్తు ఎక్కువ, ఎక్కి నిలబడడానికి వెడల్పు తక్కువ, ఇవి దేనికని పట్నం వాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. పొద్దున ఏడింటికి వచ్చి చూస్తే వాళ్ళకే తెలుస్తుంది. ఆ వేళకు పట్నం ఇంకా పళ్ళు తోముకుంటూ ఉంటుంది.

ఆఫీసుకు కొత్త భవనం కట్టినప్పుడు దాని మెట్లు కూడా కొలవాల్సిందే అన్నారు. తనిఖీకి వచ్చిన పెద్దలు కింద నిలబడి ఉండగా ఈయన పైమెట్టు మీద తూలారు. గంపలోంచి ఒక గుమ్మడికాయ జారి ఇరవై రెండు మెట్లూ వరసగా లెక్కపెట్టి తనిఖీ అధికారి కాలిమీద ఆగింది. ఆ ఏడాది ఆయనకు రావలసిన ప్రమోషన్ కూడా అక్కడే ఆగిపోయింది. ఆయన భార్య ఈ సంగతి విని ఆశ్చర్యపోలేదు. "ఇల్లు కొనేముందు చూసి రమ్మని నన్ను తీసుకెళ్ళలేదమ్మా, మూటను తీసుకెళ్ళారు. మూటకు నచ్చిందట, కొనేశారు" అని చెప్పిందావిడ నాకు.

ఎందుకు సార్ ఇదంతా అని ఒకసారి అడిగేశాను. "పట్నం పొద్దున్నే తినేదంతా పల్లె నెత్తిమీద నుంచే దిగుతుంది తల్లీ. ఆ నెత్తికి తెలియని రోడ్డు మనకెందుకు?" అన్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఊరుకున్నాను. రోజూ పదింబావుకు చెమటలు కక్కుతూ వచ్చి రిజిస్టరులో 'కొలతకు వెళ్ళితిని' అని రాసేవారు. ఆరేళ్ళుగా అదే రాత. ఏ రోడ్డు కొలతకని ఎవరమూ అడగలేదు. అడిగితే మనల్ని కూడా ఎత్తమంటారేమో అని అందరికీ లోపల భయం.

ఆ రోజు సంగతికి వస్తాను. పట్నం చుట్టూ బైపాస్ రోడ్డు వేస్తున్నారు. రెండు నిలువుల ఎత్తు కట్ట, పైన రోడ్డు, రెండు పక్కలా కంచె. పడమటి పల్లెల నుంచి బజారుకు వచ్చే కాలిబాట ఈ కట్టకు అడ్డం పడుతుంది కాబట్టి, కింద నుంచి మనుషులు నడిచి వెళ్ళేలా అండర్‌పాస్ ఒకటి మొదటి ప్లానులో ఉంది. తుది ప్లాను మీద కమిషనర్ గారు సంతకం పెట్టాలి. సాయంత్రం నాలుగింటికి పైఆఫీసు మనిషి వచ్చి దాన్ని పట్టుకెళతాడు. మర్నాటి నుంచి కట్టలో మిగిలిన ఖాళీల్లో కూడా మట్టి పోస్తారు. ప్లానుతోపాటు పెద్ద పుస్తకం కూడా ఒకటి తయారైంది. అందులో పల్లెకూ పట్నానికీ ఉండవలసిన అనుబంధం గురించి నలభై పేజీల అధ్యాయం. నలభై పేజీల్లో గంప అన్న మాట ఒక్కచోటా లేదు.

షీట్లు సరిచూడమని గంపాయనను ఆ రోజు ఏడింటికే పిలిపించారు. పదకొండు గంటలకు ఆయన ఏడో షీటు దగ్గర ఆగిపోయారు. అద్దాలు తుడుచుకున్నారు. మళ్ళీ చూశారు. "ఇక్కడ బాట ఉండాలే" అన్నారు మెల్లగా.

ఆ షీటు గీసింది నేను. పెద్ద మ్యాపును చిన్న స్కేలుకు దించేటప్పుడు చుక్కల గీతలు వదిలేయాలని మాకు ఒక సర్క్యులర్ ఉంది. కాలిబాటలన్నీ చుక్కల గీతలే. సర్వే రిజిస్టరులో నంబరు కూడా లేని బాట అది. సర్క్యులర్ ప్రకారం వదిలేశాను. నా షీటు మీద బాట లేదు కాబట్టి, బాటలేని చోట అండర్‌పాస్ దేనికని ఇంజనీర్లు దాన్ని కొట్టేశారు. తప్పు ఎవరిదో ఎవరూ చూడకుండానే మూడు బల్లలు దాటి ఇక్కడిదాకా వచ్చింది. నాది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం, పొడిగింపు కాగితం అదే వారం కమిషనర్ గారి ముందుకు వెళ్ళాలి. గబగబా పక్క షీటు తిరగేయడం మొదలుపెట్టాను.

గంపాయన షీటు తీసుకుని నేరుగా కమిషనర్ గారి గదిలోకి నడిచారు. వెనకాల నేను. షీటు కుడి మూలను బొటనవేలితో గట్టిగా అదిమిపట్టి, బాట ఉండవలసిన చోటు చూపించారు. కమిషనర్ గారికి అప్పటికే చిరాకుగా ఉంది. ఆ పక్కనే క్రాసింగ్ ఉంది కదా, మూడున్నర కిలోమీటర్లే కదా అన్నారు. పోను మూడున్నర, బజారు వైపు మళ్ళీ తిరిగి రాను మూడున్నర అని గంపాయన వివరించారు.

"నేను పొద్దున వాకింగే అంత దూరం చేస్తానండీ."

"తమరు ఖాళీ చేతులతో చేస్తారు."

అటెండరు చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. ఈయన ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను. కమిషనర్ గారు గడియారం వైపు చూసి, గంపాయన వైపు చూసి, లేచి నిలబడ్డారు. "పదండి. చూసొద్దాం. మూడింటికల్లా నేను ఈ కుర్చీలో ఉండాలి" అన్నారు.

అటెండరుతో సహా నలుగురం అక్కడికి చేరేసరికి పన్నెండున్నర. రెండు వైపులా కట్ట పోసేశారు. మధ్యలో ఇరవై అడుగుల ఖాళీ, దానికి అడ్డంగా అప్పుడే ఎనిమిది లారీల మట్టి కుప్పలు. కుప్పల అవతల నేలమీద గంప, గంప పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. గుమ్మడికాయల పైన ఆకుకూర కట్టలు వాడి వేలాడుతున్నాయి. మట్టి ఎక్కలేక, గంప ఎత్తే మనిషి లేక పొద్దున్నుంచి అక్కడే ఉందట. మేం కుప్పలెక్కి అటు దిగగానే ఆమె గంపాయనను చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏం నాయనా, ఇవాళ కొలతకి రాలేదేం?"

గంపాయన గబగబా ఏదో చెప్పబోయారు. కమిషనర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏ కొలత పెద్దమ్మా?"

"ఇదే, ఈ బాట కొలత. ఈ బాబు రోజూ వచ్చి, గవర్నమెంటు పని, నీ గంప కాస్త ఇవ్వమని అడుగుతాడు. గవర్నమెంటు అడిగితే కాదంటామా? ఇస్తాను. బజారు దాకా మోసుకొచ్చి దించుతాడు. నేను చేతులూపుకుంటూ వెనకాల వస్తాను." ఆమె గొంతు తగ్గించింది. "మంచోడే గానీ, పని రాదనుకుంటా బాబూ. ఒక్క బాట కొలవడానికి ఆరేళ్ళా? ఇంకా తేలలేదంటాడు."

గంపాయన చెవులు కందగడ్డల్లా ఎర్రబడ్డాయి. ఆయన్ని అన్ని సంవత్సరాలుగా చూస్తున్నాను, తల దించుకోవడం అదే మొదటిసారి చూడడం. రిజిస్టరులో ఆరేళ్ళ రాత నా కళ్ళముందు తిరిగింది. ఊరికే మోస్తానంటే ఆ ముసలామె ఇచ్చి ఉండేది కాదు. అందుకని ప్రభుత్వానికి అవసరం తెచ్చిపెట్టారాయన.

కమిషనర్ గారు చొక్కా చేతులు మడిచి, గంప తన నెత్తికెత్తమన్నారు. నేను మోస్తానండీ అని అటెండరు ముందుకొచ్చాడు. "ప్లాను మీద సంతకం పెట్టేది నువ్వు కాదుగా" అన్నారు గంపాయన. కట్ట పక్కనే క్రాసింగ్ వైపు నడక మొదలైంది. గంపాయన పక్కన నడుస్తూ అడుగులు లెక్కపెట్టారు. నూరు దాకా కమిషనర్ గారు మాట్లాడారు. రెండు వందల దాకా ఊపిరి పీల్చారు. మూడు వందల పన్నెండు దగ్గర ఆగి, దించుకోవడానికి అటూ ఇటూ చూశారు. భుజమెత్తు అరుగు ఎక్కడా లేదు. మెడ తిప్పలేరు. చివరికి అటెండరూ గంపాయనా చెరోవైపూ పట్టి దించారు.

"ఇంకా ఎంతుంది?"

"పోవడానికి మూడుంపావు కిలోమీటర్లండీ. తర్వాత రావడం."

కమిషనర్ గారు మెడ రుద్దుకున్నారు. తర్వాత అడిగారు, షీటు మీద ఈ గీత తీసేసింది ఎవరని. గంపాయన వెంటనే అందుకుని, అది తర్వాత చూసుకోవచ్చు, ముందు టైం అయిపోతోంది అన్నారు. ఆయన బొటనవేలు పొద్దున ఎక్కడ ఉందో నాకప్పుడు తట్టింది. షీటు కుడి మూలన గీసిన వాళ్ళ పొడి అక్షరాలుంటాయి. అవి నావి. ఇంకొకరి బరువు తన మీద వేసుకోవడం ఆయనకు అలవాటే. నాకే సిగ్గనిపించింది.

"నేనేనండి. సర్క్యులర్ ప్రకారం చుక్కల గీతలు వదిలేశాను" అన్నాను.

"ఎవరిచ్చారు ఆ సర్క్యులర్?"

"తమరేనండి."

అటెండరు ఎందుకో ఆకాశం వైపు చూశాడు. కమిషనర్ గారు ఇంకో చిక్కు బయటపెట్టారు. గీత మళ్ళీ గీయించవచ్చు. కానీ నంబరు లేని బాటకు అండర్‌పాస్ అంటే పైవాళ్ళు రుజువు అడుగుతారు. ఇక్కడ జనం నడుస్తున్నారనడానికి కాగితం ఏది? టైం ఒంటిగంటన్నర దాటింది.

"అదేంటి, నడిచినప్పుడల్లా పుస్తకంలో రాసుకుంటాడుగా" అంది మా వెనకాలే నడిచి వచ్చిన ముసలామె.

ఆఫీసుకు తిరిగొచ్చి చూస్తే, చుట్టకుదురు ఉండే సొరుగు అడుగున పదకొండు నోటుపుస్తకాలు దొరికాయి. ఆరేళ్ళు, ఒక్క పనిదినం తప్పకుండా: తేదీ, గంప బరువు, అడుగులు, ఆ పొద్దు బాటమీద ఎదురైన గంపలెన్ని, పాల కడవలెన్ని, వానకు బురద ఎక్కడ నిలిచింది. అబద్ధమాడినా దాన్ని కూడా రాతపూర్వకంగా, కొలతలతో సహా ఆడారు మహానుభావుడు. మా ప్రణాళిక మొత్తానికి అంత గట్టి లెక్క ఇంకొకటి లేదు. మూడింటికి నేను చుక్కల గీత గీయడం మొదలుపెట్టాను. తొందరలో రెండు చుక్కలు పెద్దవైపోయాయి. పైఆఫీసు మనిషి కిందికి వచ్చేశాడని అటెండరు చెప్పేసరికి సంతకం తడి ఇంకా ఆరలేదు.

ఆ సాయంత్రమే లారీలు వచ్చి ఆ ఎనిమిది కుప్పలూ పక్కకు తీశాయి. తొమ్మిది నెలలకు అండర్‌పాస్ తయారైంది, లోపల రెండు భుజమెత్తు అరుగులతో సహా. నాకు పొడిగింపూ వచ్చింది. అయితే ఫైలు మూసేముందు 'కొలత పూర్తి' అని రాయాలి కదా. రాస్తే గంపాయనకు ఇక గంప అడిగే సాకు పోతుంది. ఆ ఫైలు ఆయన బల్లమీద పదిరోజులు కదలకుండా పడి ఉంది. పదకొండో రోజు కమిషనర్ గారు తెప్పించుకుని స్వయంగా రాశారు: "ఒక్కరి కొలత చాలదు. రెండో మనిషిని మంజూరు చేయడమైనది. ఇద్దరూ కలిసి తిరిగి కొలవవలెను." కింద నా హోదా రాసి ఉంది.

నా గంప పన్నెండు కిలోలు. ముసలామె చెల్లెలిది. ఏడు నెలల నుంచి కొలుస్తున్నాను, ఇంకా తేలలేదు. ఈ అమ్మాయికి కూడా పని రాదని అక్కాచెల్లెళ్ళిద్దరూ మా వెనకాల చేతులూపుకుంటూ మాట్లాడుకుంటూ వస్తారు.