బరువేది?

నాచారం స్టూడియోలో మా సీనియర్ యానిమేటర్‌ని అందరం అన్న అనేవాళ్ళం. ఆయన బల్ల మీద గడ్డం గీసుకునే అద్దం ఒకటి ఉండేది. తెర మీద బొమ్మ ఏం చెయ్యాలో ముందు తాను అద్దం ముందు చేసి చూసుకునేవాడు. నా షాట్ చూసినప్పుడల్లా ఒకటే మాట: "బరువేది రా?"

ఒక ముసలాయన కుర్చీలోంచి లేచే షాట్ నాకు వారమైనా కుదరలేదు.

"గాలి బుగ్గ లెక్క లేస్తుండు గదరా! మనిషి లేసేటప్పుడు ముందుగాల తల వంగుతది. పోయి ఉప్పల్ బస్టాండ్ల కూసొని సూడు," అన్నాడు.

వెళ్ళాను. అప్పట్నించి ఎవరు కదిలినా సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేముల చొప్పున మనసులో లెక్కపెట్టడం అలవాటైపోయింది.

ఆ షాట్ ఇంకా నా చేతిలో ఉండగానే, కొత్త సాఫ్ట్‌వేర్ తెస్తున్నామని చెప్పి స్టూడియో వాళ్ళు ఆయన్ని ఉద్యోగం మానేయమన్నారు. ఆ సాయంత్రం అద్దం సంచిలో పెట్టుకుని కుర్చీలోంచి లేవబోయాడు. తల వంగింది. చేతులు మోకాళ్ళ మీద ఆనాయి. సగం లేచి కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు. పక్కనే ఉన్నాను, చెయ్యి అందించలేదు.

ఆయన నా కళ్ళలోకి చూశాడు.

"ఎన్ని ఫ్రేములైనయ్ రా?"

"నూట పది, అన్నా."

మర్నాడు నా షాట్ కుదిరింది.