చెవి మిషను చార్జింగ్

మా బాపు నలభై ఏళ్లు మరమగ్గాల మోత నడుమ పనిచేసి వినికిడి పోగొట్టుకున్నాడు. పెద్దపల్లిలో మా దగ్గరికి వచ్చి ఉంటున్నప్పుడు, చార్జింగ్ పెట్టుకునే చెవి మిషను కొనిచ్చాను. ఇచ్చిన రోజే పాఠం మొదలుపెట్టాను.

"పూర్తిగ అయిపోయినంకనే చార్జింగ్ పెట్టు బాపూ. నడుమల పెడ్తే బ్యాటరీ ఖరాబైతది."

నా మొదటి సెల్‌ఫోన్ కాలంలో ఎవరో చెప్పిన మాట అది. బడిలో సైన్సు చెప్పేవాణ్ణి కదా, నాకు తెలియనిదేముంటుందని ధీమా.

ఒకరోజు బాపు సగం ఉండగానే చార్జింగ్ పెట్టాడు. నేను ఇంతెత్తున లేచాను. "ఒక్కసారి చెప్తే సమజ్ కాదా నీకు?" అన్నాను, అదీ ఆయన మనవరాలి ముందే. బాపు వెంటనే వైరు పీకేశాడు.

తర్వాత కొన్నాళ్లకు నా భార్య, "మామ పొద్దంత మిషన్ పెట్టుకుంటలేడు, పిల్ల ఏదన్న చెప్తే ఊకె నవ్వుతుండు" అంది. ముసలితనం, అలవాటు కాలేదులే అని కొట్టిపారేశాను. సాయంత్రం నాకైతే ఆయన చెవికి మిషను కనిపిస్తూనే ఉండేది.

ఏడాదిన్నరకే చార్జింగ్ గంటసేపు కూడా ఆగడం మానేసింది. బాపును తీసుకుని కరీంనగర్‌లో కొన్న దుకాణానికే పోయాను. అక్కడి అమ్మాయి మిషను విప్పి చూసి, ఎట్లా వాడారో అడిగింది. చెప్పాను.

"గది వెనుకటి బ్యాటరీల ముచ్చట సార్. గిది లిథియం. చార్జింగ్ పెడ్తే లోపలి లిథియం ఒక దిక్కుకు చేరుతది, వాడుతుంటే మెల్లగ రెండో దిక్కుకు పోతది. ప్రతిసారి అడుగంట వాడితేనే జల్ది అరుగుతది. సగముండంగ పెట్టుకుంటే ఏంగాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. మిషను ఆమె చేతిలో ఉంది కాబట్టి బాపుకు ఒక్క ముక్క వినపడలేదు. ఏమంటుందిరా అని అడిగాడు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "తప్పు నాదే బాపూ, ఎప్పుడంటే అప్పుడు చార్జింగ్ పెట్టుకోవచ్చునట" అని అరిచాను. దుకాణంలో వాళ్లంతా తిరిగి చూశారు.

"పోనీ తియ్‌రా," అన్నాడు బాపు. "పొద్దుగాల్నే చెవికి పెట్టుకుంటే మాపటికి బ్యాటరీ ఒడుస్తది, నువ్వొచ్చే యాళ్లకు చార్జింగుల ఉంటది. అందుకే పొద్దంత తీసి డబ్బల పెడ్తుంటి. నువ్వేమన్న చెప్తే ఇనబడాలె గదా."

నేను సాయంత్రం ఇంటికి వచ్చి ఆయనతో అనేది ఒక్కటే మాట. "తిన్నవా బాపూ?" అదైనా, జవాబు వినకుండా లోపలికి పోతూ.