నాయకుడిని పట్టిన జోరీగ

కరువు చూడటానికి ఈ రోజు ఒక నాయకుడు కుందుర్పిలో మా మేనత్త నాగమ్మ పశువుల కొట్టానికి వచ్చాడు. ఎముకలు తేలిన ఎనుము మెడ మీద చెయ్యేసి, ఫొటో కోసం మొహం దిగాలుగా పెట్టాడు. ఎనుము తోలు పట్టుకుని రక్తం తాగి బతికే జోరీగ ఒకటి లేచి ఆయన తెల్ల చొక్కాలోకి దూరింది. అది కొడితే చావని రకం. ఆయన కొట్టమంతా గంతులేశాడు. అనుచరులు ఎంతో భక్తిగా ఆయన వీపు మీద నాలుగు వేశారు.

"ఏం ఈగమ్మా ఇది? ఎనుము ఈడుంటే నన్నెందుకు పట్టుకునింది?" అని కసిరాడు.

"దాంట్లో ఇంగ రగతం యాడుండాదన్నా," అంది అత్త, పేడ ఎత్తుతూనే. "పాపం, అది కూడా కరువుకు వలస పోతాండాది."

ఇదంతా నేను ఫోన్లో తీశాను. ఆ వీడియో బయట పెడితే మీ అత్తకు సర్కారు ఇచ్చే కరువు గడ్డి రాదని సాయంత్రం నుంచి ఒక అనుచరుడు ఒకటే ఫోన్లు. పెట్టాలో వద్దో మీరే చెప్పండి. ఆయన వీపు మీది జోరీగ అప్పుడే పోయింది, నా చెవిలోది మాత్రం ఇంకా పోలేదు.