సింహాచలం గారి హ్యాష్ గుర్తు

బరంపురం చరిత్రకారులు ఇంతవరకు నమోదు చేయని మహత్తర ఘట్టం ఒకటుంది: ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునే సింహాచలం గారు ఏ కమాండునూ రెండోసారి టైపు చేయనని శపథం పూనడం. కొట్టిన ప్రతి వరుసనూ యంత్రం హిస్టరీలో దాస్తుంది. ఆయన కంట్రోల్, ఆర్ కలిపి నొక్కి రెండక్షరాలు వేస్తే పాత కమాండు లేచి వచ్చేది. ఎంటర్ కొట్టేవారు. పందొమ్మిదేళ్లు శపథానికి భంగం రాలేదు.

కాగితాన్నీ ఆయన వెలివేశారు. మొదట హ్యాష్ (#) గుర్తు పెట్టి ఏం రాసినా యంత్రం పట్టించుకోదు, కాని దాచుకుంటుంది; మంచి గుమాస్తా లక్షణం. సాయంత్రం తాళం వేసే ముందు అక్కడే ఒక ముక్క రాసేవారు: ఆర్యపల్లి చేప తేవాలనో, మోకాలి మందు అయిపోయిందనో.

గుండెనొప్పికి డాక్టరు దగ్గరకు వెళ్లనన్నారని ఒక పొద్దున కూతురు పావని దెబ్బలాడింది.

"నీకు సెప్పడం నాదే తప్పు. నానెల్తన్నాను."

"ఎల్లొస్తానని అనాల, అమ్మా."

"ఎల్తన్నానంతే!"

కటక్ బస్సెక్కింది. మర్నాడు ఆయన లేరు.

ఉద్యోగం మానుకుని వచ్చిన పావనికి కాలేజీవారు ఆ కుర్చీయే ఇచ్చారు. మొదటిరోజే హిస్టరీలో తన పేరు వెతికే కమాండు కొట్టింది. చివరి సాయంత్రపు వరుస దొరికింది: "పావని ఎల్లొస్తాననలేదు. పర్లేదు. వొస్తాది."

అప్పట్నుంచి పనికి ముందొకసారి, తరవాతొకసారి అదే వెతుకులాట. ఆయన కూతురే గనక కాగితం మీదికి ఎక్కించుకోలేదు.

ఏడో నెలలో ఆ వరుస కనబడలేదు. పక్క ల్యాబు రాఘవేంద్రను పిలిచింది.

"అన్నా, నానేటీ సెరపలేదు. ఎవలు తీసేసినారు?"

అతను తెరంతా చదివాడు. పావని పేరుతో ఉన్నవన్నీ పావని వెతికినవే.

"నువ్వెతికిన పెతీదీ ఒక లైనేనమ్మా. కొత్తదొస్తే పాతది పోతాది."

"నాన్న రోజూ వెతికేవోడు గదా?"

"ఆయన కంట్రోల్ ఆర్‌తో పట్టుకుని ఎంటర్ కొట్టేవోడు. నువ్వూ అలా కొట్టుంటే ఆ లైను మళ్ళీ కొత్తదై కూసునేది."

"మాట నాకు గుర్తుందన్నా. ఆయన రాసింది కావాల."

రాఘవేంద్ర కాసేపు కీబోర్డు తుడిచాడు. "మంచి సెర్చి టూలొకటుంది. ఎంత అడుగునున్నా సిటికెలో తీస్తాది. పెట్టమంటావేటి?"

"పెట్టు."

పెట్టాడు. నిజంగానే చిటికెలో అంతా వెతికింది.

ఆ కంప్యూటర్ దాచుకునేది చివరి వెయ్యి వరుసలే.