నాది కాని ‘నేను’

మొన్న సిటీ బస్సులో పక్కసీటావిడ లవంగం కొరికింది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే మాధవరావు గారు గుర్తొచ్చి, దిగాల్సిన స్టాపు దాటిపోయాను. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైన రెండు గదుల్లో ఆయన అనువాదాల ఆఫీసు నడిపేవారు. గొంతు బాగుండాలని బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది.

ఎం.ఏ. పట్టాతో, అంతకు మించిన పొగరుతో ఆయన దగ్గర చేరాను. దస్తావేజులు, కోర్టు కాగితాలు, మోటారు పంపుల వివరాలు ఏవిచ్చినా తెలుగు చేసేదాన్ని. పూర్తయిన కాగితాన్ని ఆయన ఒక రాత్రి సొరుగులో ఉంచి, తెల్లారి నాచేతే పైకి చదివించేవారు. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయాలి. ప్రతి మాటకీ వాదించేదాన్ని. “నీతో వాదించడం కంటే కృష్ణలో ఎదురీదడం తేలికమ్మా,” అని నవ్వేవారు.

ఒకరోజు ఆసుపత్రిలో దుబాసీ పనికి నన్ను రమ్మన్నారు. పై దేశం నుంచి వైద్య శిబిరానికొచ్చిన సర్జన్‌కి తెలుగు రాదు.

“అనువాదమూ దుబాసీ పనీ రెండూ ఒకటే కదండీ! అది చేత్తో, ఇది నోటితో,” అన్నాను.

“కాగితం నువ్వు ఆలోచించేదాకా ఆగుతుంది. మనిషి ఆగడు. ఆ డిక్షనరీ ఇక్కడే పెట్టెయ్. వాళ్లు ‘నేను’ అంటే నువ్వూ ‘నేను’ అనే అనాలి. తెలిసిందా?”

రోగి మంగమ్మ, కంకిపాడు బజారులో చేపలమ్మే మనిషి. మెడలో రెండు పక్కలా గడ్డ. మొత్తం తీసేస్తే గొంతు పోయే ప్రమాదం ఉందని డాక్టరు చెప్పాడు. నేను ఆ మాట తెలుగులో చెప్పీచెప్పగానే కొడుకు అందుకున్నాడు.

“అమ్మకేం తెలీదు మేడమ్. చేసేయమనండి.”

మంగమ్మ వాణ్ణి పక్కకి నెట్టింది. “నువ్వాగరా! ఏం డాక్టరు బాబూ, గొంతు పోయాక సైగలు చేసి అమ్ముకోనా చేపలు? రోజూ వచ్చి నువ్వు కొంటావా?”

మన వైపు మర్యాద ఊరుకోదు కదా. “ఈమె కాస్త భయపడుతున్నారు,” అని ఇంగ్లీషులో మెత్తగా చెప్పాను. వెనక కూర్చున్న మాధవరావు గారు నా కుర్చీని కాలితో తన్నారు.

“ఆవిడ భయపడిందా? తిట్టింది. నువ్వూ తిట్టు. ఊరికే నోరేసుకుపడతావుగా, ఇప్పుడేమైంది?”

ఇక మొహమాటం లేదు. సైగల్నీ, రోజూ కొనడాన్నీ ఆవిడ విసురుతోనే డాక్టరు ముఖాన పడేశాను. అతను కలం పక్కన పెట్టాడు. అప్పటిదాకా కొడుకుని చూస్తున్నవాడు మొదటిసారి మంగమ్మ వైపు తిరిగాడు.

“అయితే మీకేం కావాలి?”

“గడ్డ పోవాలి, గొంతుండాలి,” అంది మంగమ్మ. “గడ్డ పోవాలి, నా గొంతుండాలి,” అన్నాను నేను.

ముందు ఒక పక్కే తీసి, రెండో పక్కని మందులతో చూద్దామన్నాడు డాక్టరు. తల ఊపింది మంగమ్మే, కొడుకు కాదు.

కొన్ని నెలల తర్వాత కంకిపాడులో బస్సు దిగితే ఆవిణ్ణి వెతకక్కర్లేకపోయింది. బజారు మొదట్లోనే వినబడింది: “కొర్రమీనమ్మా! బతికున్న కొర్రమీను!”

నా అనువాదాల కింద నా పేరుంటుంది. ఆ కేక మీద లేదు. అయినా, నేను చేసిన పనుల్లో అంత గట్టిగా వినబడేది మరొకటి లేదు.

మాధవరావు గారు ఇప్పుడు లేరు. నేను మాత్రం ఏ గదిలోకి వెళ్లినా నా మర్యాదనీ, తెలివితేటల్నీ గుమ్మం బయటే వదిలేస్తాను. లోపలివాళ్లు తిడితే తిడతాను, బతిమాలితే బతిమాలతాను. బయటికొచ్చాక ఆటోవాడితో వాదన మాత్రం పూర్తిగా నాదే.