కుట్టు విప్పిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ముందే చెబుతున్నాను, నా సాక్ష్యంలో పెద్ద రోగమేమీ లేదు, తాగుడూ లేదు. నేను పడ్డ గొయ్యి పేరు విసుగు. నవ్వకండి. విసుగు కూడా మనిషిని తినేస్తుంది, ప్రార్థనకు మోకరిస్తే పళ్లు కొరికిస్తుంది, అన్నం ముందు కూర్చుంటే కంచాన్ని అవతలికి తోయిస్తుంది. అందులో నుండి దేవుడు నన్ను ఎలా బయటికి తీశాడో, నాకు తెలియకుండా ఇంకెంత పెద్ద ఆపదలో నుండి లాగాడో ఈ ఉదయం మీ ముందు చెప్పుకోవాలి.

నా పేరు సుజాత, మాది కోరుట్ల. నా భర్త ప్రభాకర్ దుబాయిలో ఏసీలు బాగు చేస్తాడు. పెళ్లైన నెలకే వెళ్లిపోయాడు, ఆ తర్వాత రెండేళ్లకోసారి లీవు మీద రావడం, వచ్చిన మొదటి వారమంతా చుట్టాల ఇళ్లు తిరగడం, ఆఖరి వారమంతా పెట్టెలు సర్దుకోవడం, ఆ మధ్యలో మిగిలినదే మా కాపురం. మిగతాదంతా ఫోనులోనే, అదీ ఆయన గదిలోని మిగతా మగవాళ్లంతా వింటుండగా! పండుగకు కొత్త చీర కట్టుకుని ఫోను ముందు నిలబడితే ఆయన కంటే ముందు పక్క మంచం వాళ్లు బాగుందనేవారు. ఒక్క ఇంట్లో, ఒక్క కప్పు కింద, ఆయనతో కలిసి బతకాలి. సహోదరులారా, ఏళ్ల తరబడి నేను దేవుణ్ణి అడిగింది ఇదొక్కటే.

చివరికి ఆయన కంపెనీ వాళ్లు భార్యను తెచ్చుకోవచ్చని ఒప్పుకున్నారు. ఆయన లీవు పెట్టి నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. ఇక ఎగిరిపోవడమే అనుకున్నాను. ఎగరడం కాదు, నా చెప్పులు అరగడం మొదలైంది!

వీసా పనులు చేసే ఏజెంటు మా కాగితాలు చూసి చర్చిలో ఇచ్చిన పెళ్లి కాగితం ఒక్కటే చాలదు, సర్కారు రిజిస్ట్రేషన్ కావాలి, సాక్షులు కావాలి, పెళ్లి ఫోటో కావాలి అన్నాడు. ఫోటో ఎంతసేపు అనుకుని ఆల్బం తీశాను. మన పెళ్లి ఫోటోలు మీకు తెలుసు కదా! ప్రతి ఫోటోలో ఎవరో ఒకరు మా ముందు నిలబడి స్టీలు బిందె చేతికిస్తుంటారు, పెళ్లికూతురు కనబడితే పెళ్లికొడుకు కనబడడు, ఆయన కనబడితే నా ముఖానికి బిందె అడ్డం. ఇద్దరం తేటగా ఉన్న ఫోటో కోసం రెండు ఆల్బంలు తిరగేసి చివరికి అన్నం తింటున్న ఫోటో ఇచ్చాను, నా నోరు తెరిచి ఉంది.

ఇక సాక్షులు. మా బావ, అంటే ఆయన అన్న, సిరిసిల్లలో సాంచెలు, అదే మరమగ్గాలు, నడుపుతాడు. మేము జగిత్యాల ఆఫీసుకు వెళ్లిన రోజు ఆయన సాంచెల మీద చీరల ఆర్డరు ఉంది, రాలేనన్నాడు. ఆయన తీరిక చేసుకున్న రోజు ఆఫీసుకు సెలవు. ఆఫీసు తెరిచిన రోజు రెండో సాక్షి ఎవరో చావుకు పోయాడు. చివరికి నేనే బస్సెక్కి సిరిసిల్ల వెళ్లి, సాంచెల చప్పుడులో గొంతు చించుకుని అరిచి, బావను వెంటబెట్టుకుని జగిత్యాల వచ్చాను. అది అయిందనుకుంటే ఆ కాగితం మీద హైదరాబాదు ముద్ర, ఆ తర్వాత ఢిల్లీ ముద్ర. ఎప్పుడు ఫోను చేసినా ఏజెంటుది ఒకటే మాట, "అయితది అక్కా, పరేషాన్ గాకు!" ఆ 'అయితది' అన్న మాట వింటే ఇప్పటికీ నాకు తల తిరుగుతుంది.

ఒకనాడు ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఇలా ప్రార్థించాను, ఉన్నదున్నట్టు చెబుతున్నాను: "ప్రభువా, మేమిద్దరం కల్సి ఉండుడు నీకు ఇష్టం లేదా? లేకుంటే సాఫ్ చెప్పు, నేను గమ్మున కూసుంట. గీ తిప్పుడేంది నన్ను? నువ్వు సుత 'అయితది' అనే అంటవా?" అలా అడిగి గట్టిగా ఏడ్చాను.

వీసా వచ్చింది, దేవునికి స్తోత్రం! టికెట్లు తీశాం. టికెట్ల సంగతి ఊళ్లో తెలిసిందో లేదో మా ఇల్లు పోస్టాఫీసు అయిపోయింది. మన దగ్గర దుబాయి పోయేవాళ్ల చేతికి అక్కడున్న తమ వాళ్ల కోసం ఏదో ఒకటి పంపడం మామూలే. తెల్లగుడ్డలో చుట్టి, చుట్టూ కుట్టేసి, పైన పేరు రాసి ఇస్తారు. ఆ కుట్టు విప్పి చూస్తే పంపినవాళ్లను నమ్మనట్టు. నా భర్తకు కాదనడం రాదు. మేడిపల్లి వాళ్ల పచ్చడి, ఇంకెవరివో చెప్పులు, అన్నీ తీసుకున్నాడు. కథలాపూర్ నుండి మల్లవ్వ అనే ముసలమ్మ వచ్చింది. ఆమె కొడుకు శ్రీను అక్కడ కట్టడం పనిలో ఉన్నాడు, ఇంటికి వచ్చి చాలా ఏళ్లయింది. "బిడ్డా, గిది మా శ్రీనుకు. గట్టిగ కుట్టిన, ఇప్పకుండ్రి, సకినాలు మెత్తబడ్తయ్" అంది. ఆమె మూట నా పెట్టెలో పెట్టాను.

తీరా బయలుదేరే ముందు రోజు ఫోనుకు మెసేజ్ వచ్చింది, విమానం రద్దు! వీసా గడువేమో దగ్గర పడుతోంది. వాళ్లనూ వీళ్లనూ బతిమాలితే వేరే విమానంలో చోటు ఇచ్చారు, కానీ దాంట్లో సామాను తక్కువ తీసుకెళ్లాలట. అదైనా ముందుగా చెప్పిన వాళ్లు లేరు, ఎయిర్‌పోర్టులో తూకం వేసినప్పుడు చెప్పారు! వెనక వరుసంతా మమ్మల్నే చూస్తోంది, బావ మమ్మల్ని దింపి అప్పటికే వెళ్లిపోయాడు. నా పెట్టెను పక్కకు లాగి నేల మీద తెరిచాను. అన్నిట్లో నుండి కొంత కొంత తీసేద్దామని మల్లవ్వ మూట చేతిలోకి తీసుకున్నాను.

"మందిది ఇప్పుతే బాగుండదు సుజాతా" అన్నాడు ఆయన.

"ఏందయ్యా బాగుండేది! మంది మూటలు మోసుకుంట నన్ను ఈడనే ఇడిసిపోతవా?" అని ఆ కుట్టును పళ్లతో పట్టి కొరికాను.

సకినాలు, గరిజలు, ఒక కొత్త తువ్వాల. తువ్వాల మడతలో కవరు నిండా గసగసాలు. కొడుకు మటన్ వండుకుంటాడని తల్లి ప్రేమతో పెట్టింది. నాకేం తెలుసు, వంటింటి సరుకే కదా అని పక్కన పెట్టబోయాను. చూస్తే నా భర్త ముఖంలో నెత్తురు లేదు. దుబాయిలో గసగసాలు మత్తుమందు కింద లెక్కట! ఆయన క్యాంపులో ఒకతను ఇలాగే ఎవరిదో మూట తెచ్చి, దిగిన చోటే పట్టుబడి, జైలుకు పోయాడట. ఆ పెట్టె నా పేరు మీద ఉంది, సహోదరులారా. నా మాట వినే వాళ్లు లేని దేశంలో, ఏళ్లకేళ్లు ఎవరి కోసం ఏడ్చానో ఆ మనిషి గోడకు అవతల, నేను ఇవతల!

ఆ కవరు చెత్తడబ్బాలో వేసి వచ్చి ఆయన నేల మీదే కూలబడ్డాడు, నలుగురిలో ఎప్పుడూ నా చెయ్యి పట్టుకోని మనిషి రెండు చేతులూ పట్టుకున్నాడు. నాకు పెద్ద మాటలు రాలేదు. "ప్రభువా, ఇమానం ఆపింది నువ్వేనా? మూట ఇప్పిచ్చింది నువ్వేనా?" అన్నాను, అంతే. మొదటి విమానమే దొరికి ఉంటే ఆ పెట్టె మూత తెరవకుండానే పోయేది. నేను నోరారా తిట్టుకున్న ఆ రద్దులోనే నా విడుదల ఉంది! దేవునికే మహిమ కలుగును గాక!

అక్కడ దిగాక శ్రీనుకు సకినాలు అందించాం. ఈసారి లీవుకు వచ్చి మల్లవ్వకు నిజం చెప్పాను. "నా చేతులిరుగ! నిన్ను జైలుకు తోలుదునా బిడ్డా!" అని తలబాదుకుంది. నిన్న మళ్లీ వచ్చింది. ఈసారి సకినాలు, గుడ్డ, సూది, దారం విడివిడిగా తెచ్చి, ఒక్కొక్కటీ నాకు చూపించి, నా ముందే కూర్చుని కుట్టింది.

రేపు మేమిద్దరం తిరిగి వెళ్తున్నాం. పొద్దున్నే మెసేజ్ వచ్చింది, విమానం వేళ మారిందట! చదివి నేను ఏమన్నానో నా భర్తకు తెలుసు, దేవునికీ తెలుసు. నా విసుగు పూర్తిగా పోయిందని చెబితే ఆయన ఇక్కడే లేచి నిలబడి కాదంటాడు. కానీ ఇప్పుడు విసుక్కుంటూనే ప్రభువు పాదాల దగ్గర కూర్చుంటున్నాను. మీలో ఎవరి పనైనా ఆగిపోయి ఉంటే, ఎవరి తలుపైనా మూసి ఉంటే, కోపం వస్తే ఆ కోపాన్నే ఆయన దగ్గరకు తీసుకెళ్లండి, ఆయనను మాత్రం విడిచిపెట్టకండి.

సాయంత్రమైతే దుబాయిలో మా గది తలుపు చప్పుడవుతుంది. నా భర్త పని నుండి వచ్చి చెప్పులు విప్పుతూ నన్ను పిలుస్తాడు. మీకది రోజూ వినే చప్పుడే. నేను మాత్రం ఆ తలుపు తీయడానికి వెళ్లే ప్రతిసారీ స్తోత్రం చెప్పుకుంటూ వెళ్తాను.