వాసన లేని సీసా

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న రోజుల్లో, తాండూరులో ఎక్కిన ప్యాసింజరు బండిలో నా ఎదుట నల్లకళ్లద్దాల మనిషి ఒకాయన కూర్చున్నాడు. నేను మర్నాటి ప్రయోగం పైకి చదువుకుంటున్నాను: ఫినాల్‌తో డైమిథైల్ సల్ఫేట్ కలిపి అనిసోల్ తయారుచేయడం.

"గా డైమిథైల్ మీ ల్యాబుల గూడ ఉన్నదా సారూ?" అన్నాడాయన. గొంతు గుసగుసలాగే వచ్చింది.

ఉందన్నాను. ఆయన పట్నంలో ఒక కాలేజీ ల్యాబులో అటెండరుగా పనిచేశాడట.

"ఒకనాడు సీసా పలిగింది. నేను, నా దోస్తు గుడ్డతోని తుడిచినం. వాసన లేదు, మంట లేదు. చేతులు కడుక్కొని బువ్వ తిన్నం. పొద్దుమీకేసరికి నా కండ్లు పోయినయి. గాయన గొంతు వాచి రెండోదినం సచ్చిపోయిండు. గా విషం ఇరగాలంటె అమోనియా పొయ్యాలని మాకెవరు చెప్పలె."

ఆ సంగతి నాకు తెలుసు. నా పుస్తకంలో ఆ పేజీ అడుగునే రాసి ఉంది. మా ల్యాబులో గాజుసామాను కడిగే మనిషికి మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు.

"మీ అటెండర్ పేరేంది సారూ?"

తెలియదన్నాను. ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మోకాలి మీద ఆగింది.

"జర గాయనకు చెప్పున్రి."

వికారాబాదులో ఎవరో చెయ్యి పట్టుకుని ఆయన్ని దించారు.

మర్నాడు ల్యాబులో మా అటెండరును అమోనియా సీసా దగ్గరకు పిలిచి, ముందుగా పేరు అడిగాను. రెండేళ్లలో అడగడం అదే మొదలు.

"నర్సింలు," అన్నాడు బిత్తరపోయి. "నేనేం తప్పు చేసిన సారూ?"